గోళీ మెషిన్ ఆడిన పిన్నికి రొట్టె లేదన్నారు

మా పిన్ని పోయిందన్న కబురు నేను మస్కట్ పక్కన రుసైల్ గోడౌన్‌లో డ్యూటీలో ఉండగా వచ్చింది. అజైబాలో ఆమె వంటపని చేసే విల్లా డ్రైవరు ఫోన్ చేసి, "భాయ్, ఆప్‌కీ ఖాలా ఖలాస్" అన్నాడు, మీ పిన్ని అయిపోయిందని. పొద్దున పిండి కలుపుతూ కలుపుతూ ఒరిగిపోయిందట. మా గోడౌన్‌లో డ్రమ్ము ఖాళీ అయినా ఖలాస్ అనే అంటాం. ఆ డ్రైవరు మీద నాకు కోపం లేదు. నా అసహ్యం వేరేచోట ఉంది. దాన్ని దాచుకుని పిన్ని గురించి రాయడం నావల్ల కాదు.

ఆమె మా అమ్మకు చెల్లెలు. కడప నుంచి వచ్చి ఏళ్ళ తరబడి మస్కట్‌లో ఒకే ఇంట్లో పనిచేసింది. ఆ ఇంటి పిల్లల పుట్టినరోజుకు వాళ్ళతోపాటు ఖురంలో ఒక హాలుకు వెళ్ళింది. పాతకాలపు పిన్‌బాల్ మెషిన్లను బాగుచేసి వరసగా నిలబెట్టిన మ్యూజియం లాంటి చోటు అది. గుమ్మం దగ్గర టికెట్ కొంటే చాలు, ఎంతసేపైనా ఆడుకోవచ్చు. పందెం లేదు, గెలిచినా ఏమీ రాదు. పిల్లలకు కాసేపట్లోనే విసుగొచ్చింది. పిన్నికి రాలేదు. అప్పటినుంచి సెలవు దొరికిన ప్రతి శుక్రవారం ఒక్కతే వెళ్ళేది.

ఈ సంగతి తెలిసి నేను మండిపడ్డాను. శుక్రవారం సెలవు కాబట్టి మా తెలుగు సంఘం ఆ రోజే కూడుతుంది, అక్కడ వాక్యం చెప్పేది నేనే. బోధకుడి పిన్ని ఆటల కొట్లో ఉండటమేమిటని, ఒక శుక్రవారం కూడిక అయ్యాక ఆమె వెంటే వెళ్ళాను. లోపల తివాచీ ముక్కిన కంపు, మాడిన పేలాల వాసన. మెషిన్ల నుదుటి మీద కొమ్ముల దయ్యాలు, పామును చుట్టుకున్న అరనగ్న స్త్రీలు. నేను మొహం చిట్లించాను.

"పిన్నీ, ఇదేం గలీజు చోటు!"

"అట్ట మొగం పెట్టగాకురా. ఆ పిల్లకు ఏసీ గాలికి చలేస్తాంటాదేమో" అంటూ తన చున్నీ తీసి ఆ బొమ్మ మీద కప్పింది. "ఇప్పుడు చూడు నాయనా, నీ కండ్లకేం కాదులే."

హాలు చూసుకునే ఒమానీ ముసలాయన నవ్వి, "తఫద్దలీ, ఖాలా" అని రమ్మంటూ ఒక ప్లాస్టిక్ క్రేటు బోర్లించాడు. పిన్ని పొట్టి మనిషి. వచ్చినప్పుడల్లా ఆ క్రేటు ఎక్కే ఆడేదట. ఆడేముందు మెషిన్ అద్దాన్ని చున్నీ కొసతో తుడిచింది. ఇక్కడా పనేనా అన్నాను.

"వారమంతా తుడిచేది వాళ్ళ అద్దాలు. ఇది నాది."

స్ప్రింగు పిడి లాగి వదిలింది. ఇనుప గోళీ పైకెగిరి, గంటలు మోగిస్తూ దిగింది. కింద రెండు రెక్కలు. బటన్లు నొక్కి వాటితో గోళీని మళ్ళీ పైకి కొట్టాలి. నేను ప్రయత్నించి, కోపమొచ్చి మెషిన్‌ను ఒక్క గుద్దు గుద్దాను. దీపాలన్నీ ఆరిపోయాయి.

"మొరటుగా పట్టుకుంటే అలిగి పండుకుంటాదిరా. నీ ప్రసంగం మాదిరి ఎగరగాకు. మెల్లగా."

"ఎంత కొట్టినా చివరికి కిందికే కదా పిన్నీ పోయేది?"

"పోతాది. మనమూ పోతాం. పొయ్యేలోపల రెండు దెబ్బలన్నా కొట్టాల గదా."

ఇంకోసారి పెద్ద మాల్‌లో కొత్త ఆటల చోటు చూపిద్దామని తీసుకెళ్ళాను. అన్నీ తెరలే. ఆమె మూతి విరిచి, "ఇది టీవీరా. గోళీ యాడ?" అని వెనక్కి తిరిగింది.

ఇక నా అసహ్యం సంగతి వినండి. మా శుక్రవారం కూడికలో ప్రతివారం ప్రభువు బల్ల ఉంటుంది. ప్రభువు మరణాన్ని తలుచుకుంటూ తినే రొట్టెను తలల లెక్కన ముక్కలు కోసి, పళ్ళెంలో పంచుతాం. పిన్ని ఆ హాల్లో ఉండగా ఎవరో చూసి పెద్దల చెవికి మోశారు. సంఘ పెద్ద, గోదావరి జిల్లా ఆయన, అందరి ముందూ ఆమెను నిలబెట్టాడు.

"ఏమ్మా, ఆ జూదం కొట్టుకి వెళ్తున్నావంట, నిజమేనా?"

"జూదం కాదయ్యగారూ, గోళీ ఆట. పోతాండా."

"తప్పైపోయిందని ఒక్క మాటనెయ్యమ్మా, అయిపోద్ది."

"తప్పనిపిస్తే అంటానయ్యా. అనిపించకుండా అంటే అది అబద్ధం గదా. అబద్ధం చెప్పి రొట్టె తినమంటారా?"

నేను లేచాను. మందసం ముందు ఒక రాజు ఒళ్ళు మరిచి నాట్యమాడితే, కిటికీలోంచి చూసి అసహ్యించుకున్న భార్యే గొడ్రాలిగా మిగిలిన సంగతి మనం బైబిల్లో చదవలేదా అని అడిగాను. "బోధకుడివి నువ్వే వెనకేసుకొస్తే ఎలాగ తమ్ముడూ?" అన్నాడు పెద్దాయన. ఒప్పుకునేదాకా పిన్నికి బల్ల లేదని తేల్చేశారు.

ఆమె రావడం మానలేదు. గుమ్మం దగ్గర చెప్పుల అర పక్కన కూర్చుని పాటలు పాడేది. పళ్ళెం ఆమెను దాటి వెళ్ళేటప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుని తల వంచేది. రొట్టె కోసే అక్క మాత్రం పాత అలవాటు కొద్దీ పిన్ని తల కూడా లెక్కేసేది. కాబట్టి ప్రతివారం ఒక ముక్క మిగిలేది. దాన్ని పెద్దాయన తన నోట్లో వేసుకుని, మూతి తుడుచుకుని, ముగింపు ప్రార్థన చేసేవాడు. ఆయన దవడలు ఆడుతుంటే చూడలేక నేను గోడ వైపు తిరిగేవాణ్ణి. మీ పండుగలు నాకు అసహ్యమని దేవుడు ప్రవక్త చేత ఊరికే పలికించలేదు.

కూడిక అయ్యాక గోళీల హాలు మెట్ల మీద పిన్ని ఖుబ్జ్ రొట్టె చింపి నాకొకటి, ముసలాయనకొకటి ఇచ్చేది. "తిను. ఆడ ముక్క గోరంత, ఇది చూడు ఎంతుందో" అని నవ్వేది. మళ్ళీ తనే, "అయినా ఆ ముక్క మీదికే పోతాందిరా మనసు" అనేది. నేను ప్రతివారం పెద్దల దగ్గర అడిగాను. చూద్దాం అన్నారు. చూస్తూ ఉండగానే ఆమె పోయింది.

శవపేటిక ఊరికి వెళ్ళిన తర్వాతి శుక్రవారం కూడికలో ఆమె జ్ఞాపకార్థం ప్రార్థన పెట్టారు. పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "ఆ మెషిన్ల గొడవ ఎత్తకు తమ్ముడూ, పోయినావిడ పరువు" అన్నాడు. ఆపైన లేచి, పిన్ని ప్రభువు బల్లను ప్రాణంగా ప్రేమించిన సోదరి అని మెచ్చుకున్నాడు. పైకి సున్నం కొట్టి లోపల కుళ్ళు దాచే సమాధుల గురించి నేను ఎన్నోసార్లు బోధించాను. వాటి తెలుపు అంత దగ్గరగా చూడటం అదే మొదలు.

నా వంతు వచ్చింది. క్రేటు, చున్నీ, గోళీ, అన్నీ చెప్పాను. చున్నీ కప్పిన మాటకు ఆడవాళ్ళు నవ్వారు. రొట్టె కోసే అక్క ఏడ్చింది. చెప్పుల అర పక్కన పిన్ని కూర్చున్న చోటు చూపించి, "బల్లను ప్రేమించిన మనిషిని మనం అక్కడ కూర్చోబెట్టాం" అని చెప్పి కూర్చున్నాను.

పళ్ళెం వచ్చింది. నేను తీసుకోకుండా పక్కకు అందించాను. అది వరసలన్నీ తిరిగి పెద్దాయన ముందుకు చేరింది. అందులో రెండు ముక్కలున్నాయి. ఒకటి నాది. ఇంకొకటి ఎవరిదో చెప్పనక్కర్లేదు. ఆయన అలవాటుగా చెయ్యి చాపాడు. అందరూ ఆ చేతినే చూస్తున్నారు. చెయ్యి వెనక్కి వెళ్ళింది.

ముగింపు ప్రార్థన ఎవరూ మొదలుపెట్టలేదు. ఫ్యాను గాలికి ఆ రెండు ముక్కలూ ఎండి, అంచులు మెల్లగా పైకి లేస్తున్నాయి.