‘మన’ అనని మనిషి

ఉమ్మడి అన్న మాట చెవిన పడితే చాలు, విడిగారికి ఒళ్ళు మండుతుంది. ఆయన కప్పు విడి, కుర్చీ విడి, సబ్బు విడి. అందుకే ఆ పేరు. ఆఫీసు కప్పులన్నీ అలమరలో కలిసి కాపురం చేస్తుంటే, ఆయనది మాత్రం సొరుగులో తాళం వెనక బ్రహ్మచారిలా ఉంటుంది. లిఫ్టులో ఇంకెవరైనా ఉంటే ఆయన మెట్లెక్కుతారు. ఇంట్లోనూ అదే వరస. ఒకే పేపరు రెండు కాపీలు వేయించుకుంటారు, ఒకటి తనకి, ఒకటి వాళ్ళావిడకి. మీరిద్దరూ పోట్లాడుకోరా అని ఎవరో అడిగితే, “ఎందుకు పోట్లాడుకోం? ఆవిడ పోట్లాట ఆవిడది, నాది నాది” అన్నారట.

అన్నిటికన్నా విడ్డూరం, ఆయన నోట ‘మన’ అన్న మాట రాదు. మన ఆఫీసు అనరు. “నేను పనిచేసే ఆఫీసు, మీరు కూడా పనిచేసే ఆఫీసు” అంటారు. మొదటిసారి విన్నప్పుడు కొత్తమ్మాయి, ఈయనకి ఊపిరాడుతుందా అనుకుంది.

కొత్తమ్మాయి అంటే అక్కడ చేరి ఇంకా పర్మనెంటు కాని ప్రోగ్రామర్. ఆమె రాసింది చూసి తప్పులుంటే చెప్పడం విడిగారి పని. చేరిన కొత్తలో ఓ సాయంత్రం వాన పడుతుంటే, బస్టాపు దాకా మీ గొడుగులో వస్తానని ఆయన్ని అడిగింది. ఒక గొడుగు కింద ఇద్దరు నడిస్తే ఇద్దరూ తడుస్తారని, ఎవరి గొడుగు వాళ్ళకుండాలని ఉపన్యాసమిచ్చి, ఆయన పొడిగా వెళ్ళిపోయారు. తడిసి ముద్దయిన కొత్తమ్మాయి ఆ రాత్రి తుమ్మినప్పుడల్లా ఆయన్ని తలుచుకుంది.

అలాంటిది ఓ రోజు పొద్దున్నే ఆమె కొంప మునిగింది. ఒక ఆసుపత్రి కోసం ఆమె రాసిన ప్రోగ్రామ్‌ని, ఆఫీసు వాళ్ళ పేర్లే రోగులుగా ఎక్కించి పరీక్షిస్తున్నారు. రిసెప్షనిస్టు నిజంగానే గర్భిణి కాబట్టి ఆమె పేరు కింద, జబ్బుల జాబితాలో ‘ఏడో నెల’ అని రాశారు. మరుక్షణం ఆఫీసులో అందరికీ ఏడో నెల వచ్చేసింది. మేనేజర్‌కి కూడా.

నెలలు నిండుతున్న మేనేజర్ నవ్వలేదు. నిజం రోగులకి ఇలా జరిగితే ఒకరి జబ్బుకి ఇంకొకరికి మందు పడుతుంది. మధ్యాహ్నం ఆసుపత్రి డాక్టరమ్మ చూడ్డానికి వస్తున్నారని, ఆలోగా సరిచెయ్యమని, ఎవరి తప్పో తర్వాత తేలుద్దామని చెప్పి వెళ్ళాడు. ఉద్యోగం ఊడినట్టేననుకుంది కొత్తమ్మాయి.

విడిగారు తన కుర్చీ తానే మోసుకొచ్చి పక్కన వేసుకున్నారు.

“ఈ జబ్బుల జాబితా ఎవరిది?”

“ప్రతి రోగిదీ సార్.”

“ప్రతి రోగిదా? రోగులందరిదా?”

రెండూ ఒకటే కదా అనబోయి కొత్తమ్మాయి నాలిక్కరుచుకుంది.

“ప్రోగ్రామ్‌లో క్లాసు అంటే అచ్చు లాంటిదమ్మా. అందులోంచి తీసిన ఒక్కో బొమ్మ ఒక్కో రోగి. నువ్వు ఖాళీ జాబితా తెచ్చి అచ్చుకే తగిలించావు. బొమ్మలన్నీ అందులోనే రాస్తున్నాయి, అందులోనే చదువుతున్నాయి. ఊరందరికీ ఒకటే టూత్‌బ్రష్.” ఆ మాటకి ఆయనకే ఒళ్ళు జలదరించింది. “రోగి పుట్టినప్పుడే వాడి జాబితా వాడి చేతిలో పెట్టు.”

ఆమె ఆ ఒక్క లైనూ పైనుంచి తీసి, రోగిని తయారుచేసే చోట పెట్టింది. ఏడో నెల క్షేమంగా రిసెప్షనిస్టు దగ్గరికి తిరిగొచ్చింది. డాక్టరమ్మ వచ్చి, తనకి తోచిన జబ్బులన్నీ ఎక్కించి చూసుకుని, తృప్తిగా వెళ్ళింది. సగం గండం గడిచింది. మిగతా సగం మేనేజర్ గదిలో కూర్చుని ఉంది.

“ఇంతకీ తప్పెవరిది?” అన్నాడు మేనేజర్, ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టి.

కొత్తమ్మాయి లేచి నిలబడింది. విడిగారి సిద్ధాంతం ఆమెకి కంఠతా వచ్చు, ఎవరిది వాళ్ళదే. పక్కన విడిగారు గొంతు సవరించుకున్నారు. ఏదో అడ్డం పడ్డట్టు మళ్ళీ సవరించుకున్నారు.

“మన... మన తప్పు. కూర్చో అమ్మా.”

మేనేజర్ చేతిలో పెన్ను కింద పడింది.

“రాసింది ఈ అమ్మాయి. చూసి బావుందన్నది నేను. ఉమ్మడి వాసన ఆమడ దూరంలో పసిగట్టేవాణ్ణి, దీన్ని వదిలేశాను.”

“మరి ‘మన’ అన్నారు, అందులో నేనూ ఉన్నానా?”

“పరీక్షలు తర్వాత, ముందు పని కానివ్వమని తొందరపెట్టింది మీరేగా.”

మేనేజర్ వంగి కింద పడ్డ పెన్ను తీసుకున్నాడు. “సరే, వదిలెయ్యండి. నా కడుపు తేలికైంది, అదే పదివేలు” అన్నాడు.

సాయంత్రం మళ్ళీ వాన. కొత్తమ్మాయి గుమ్మంలో ఆగింది కానీ, ఈసారి ఏమీ అడగలేదు. విడిగారు గొడుగు విప్పి కొంత దూరం వెళ్ళి, వెనక్కొచ్చి, సంచిలోంచి ఇంకో గొడుగు తీశారు. కొత్తది. పిడికి కట్టిన చీటీ మీద ‘కొత్తమ్మాయిది’ అని ఉంది. సిరా వెలిసిపోయింది.

“నువ్వు తడిసిన మర్నాడే కొన్నాను. ఎలా ఇవ్వాలో తెలీక మోస్తున్నాను” అన్నారు.

ఆమె హాయిగా నవ్వింది. బస్టాపు దాకా ఇద్దరూ పక్కపక్కనే నడిచారు, ఎవరి గొడుగు కింద వాళ్ళు.

“మన బస్సు ఇంకా రాలేదు సార్” అంది.

“నీ బస్సు వేరు, నా బస్సు వేరు” అన్నారు విడిగారు. కానీ ఆమె బస్సు వచ్చేదాకా, తన బస్సు వచ్చి వెళ్ళిపోతున్నా ఆయన ఎక్కలేదు.