తాతయ్య నడుం పట్టుకున్న మనిషి

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళ వయసులో, నాకొక ఉద్యోగం ఉండేది. మా తాతయ్య పాడుతుంటే వెనక నిలబడి నడుం దగ్గర ఆయన పంచె పట్టుకోవడం. గొంతు పైకి పోతే వెనక్కి లాగాలి, కిందికి దిగితే ముందుకి తొయ్యాలి. చూసినవాళ్ళంతా నవ్వేవాళ్ళు. తాతయ్య నవ్వేవాడు కాదు, నేనూ నవ్వేదాన్ని కాదు.

అదెందుకో తెలియాలంటే ముందు ఆయన సంగతి చెప్పాలి. మాది తెనాలి దగ్గర ఊరు. మా తాతయ్య, అంటే మా అమ్మకి నాన్న, మీసాలు రాకముందే నాటకాల కంపెనీలో చేరినవాడు. మనిషి సన్నం. గొంతు మాత్రం ఊరవతలికి వినపడేది. మైకులు లేని రోజులవి. ఆఖరి వరసలో చాప మీద కూర్చున్నవాడికి పద్యం వినపడకపోతే వాడు చాప చుట్టుకుని లేచిపోతాడు. అందుకని ఐదు శ్రుతిలో, మగవాళ్ళు మామూలుగా అందుకోలేనంత పైన రాగం ఎత్తి అక్కడే నిలబెట్టేవాడట. జనం వన్స్ మోర్ అంటే మళ్ళీ మొదటినుంచి. అలా పాడుతుండగా గ్రామఫోను ప్లేట్ల కంపెనీ మనిషి ఒకాయన విని, మద్రాసు రమ్మని కబురు పెట్టాడు.

అప్పట్లో ప్లేటు కోసం పాడటమంటే ఇప్పట్లా కాదు. గోడలోంచి ఇంతలావు రేకు గొట్టం ఒకటి బయటికి వచ్చి ఉంటుంది. పాడేవాడు దాని మూతిలో తల దూర్చినట్టుగా నిలబడి పాడాలి. గోడకి అవతల ఒక దొర మైనం బిళ్ళని తిప్పుతుంటాడు. పాట బలానికి సూది కదిలి ఆ మైనంలో గాడి గీస్తుంది. గొంతు తగ్గితే సూదికి చలనం ఉండదు. గొంతు మరీ పెరిగితే మైనం చీరుకుపోతుంది, ఇక ఆ బిళ్ళ పారెయ్యడమే. పాటలో మునిగినవాడికి తన కాళ్ళెక్కడున్నాయో తెలియదు కదా. అందుకని పాడేవాడి వెనక ఒక మనిషిని పెట్టేవాళ్ళు. నడుం పట్టుకుని లాగడం, తొయ్యడం, అదే ఆ మనిషి పని.

నాలుగేళ్ళు వరసగా తాతయ్య మద్రాసు వెళ్ళి ప్లేట్లు పాడి వచ్చాడు. కాఫీ హోటళ్ళలో అవే ప్లేట్లు, పెళ్ళిపందిళ్ళలో అవే ప్లేట్లు. ఒకసారి పెళ్ళికి వెళ్తే, పక్కన ఆయన్నే కూర్చోబెట్టుకుని ఆయన ప్లేటు పెట్టారట. నేను ఇక్కడే ఉన్నాను కదా, పాడతాను అంటే, మీరు భోజనం చెయ్యండి, పాట ఎలాగూ వస్తోందిగా అన్నారట. ఈ మాట చెప్పి మా అమ్మమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది. ఆ తరవాత బొంబాయి నుంచి ఇంకో కంపెనీ వాళ్ళు పిలిస్తే వెళ్ళాడు. ఆ ఒక్క ప్రయాణంతో ప్లేట్లు ఆగిపోయాయి. ఎందుకు ఆగిపోయాయో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇంతలో మైకులు వచ్చాయి, మెత్తగా పాడేవాళ్ళు వచ్చారు. తాతయ్య ఊరికి వచ్చి పొలం చూసుకోవడం మొదలుపెట్టాడు. నేను పుట్టేనాటికి ఆయన ఒట్టి రైతు. రెండు ప్లేట్లు మాత్రం అమ్మమ్మ పాత చీరలో చుట్టి బీరువా అడుగున ఉండేవి. వాటిని వినడానికి మా ఇంట్లో మిషను లేదు.

అలాంటి మనిషికి ఒకరోజు రేడియోవాళ్ళ నుంచి ఉత్తరం వచ్చింది. పాతకాలపు రంగస్థలం గొంతులు వెతుకుతున్నామనీ, ఫలానా రోజు వచ్చి పాడి వినిపిస్తే, బాగుంటే రేడియోలో పాడించుకుంటామనీ. ఇక ఆ రోజు నుంచి తాతయ్య కూర్చుంటే ఒట్టు. అన్నం నిలబడి తినేవాడు. కాఫీ సగం తాగి గ్లాసు ఎక్కడో పెట్టేసి కాలవగట్టు దాకా వెళ్ళొచ్చి, నా కాఫీ ఏదీ అని అడిగేవాడు. ముప్పయ్యేళ్ళ తరవాత జనం మళ్ళీ వినబోతున్నారు. ఆ ముప్పయ్యేళ్ళూ ఆయన దానికోసమే చూస్తున్నాడని మాకు అప్పుడు తెలిసింది.

సాధన కోసం అరుగు మీద ఇత్తడి గంగాళాన్ని పీటల మీద అడ్డంగా పడుకోబెట్టి, దాని మూతిలోకి పాడేవాడు. ఆయనకి తెలిసిన గొట్టం అదే. వెనక నేను. మొదట్లో నాకు చేతకాలేదు. ఆలస్యంగా లాగేదాన్ని. గొంతు విని లాగకు అమ్మడూ, ఊపిరి చూసి లాగు, అనేవాడు. రాగం ఎత్తేముందు ఆయన నడుం గట్టిపడేది. ఆ సంగతి నా వేళ్ళకి తెలియడానికి పదిరోజులు పట్టింది. తెలిశాక ఆయన వేరూ నేను వేరూ కాదన్నట్టు ఉండేది. అమ్మమ్మ గుమ్మంలో నిలబడి, గంగాళంలో ఏం పడిపోయిందయ్యా, పొద్దుటినుంచీ వెతుకుతున్నావు, అనేది.

రేడియోవాళ్ళు రమ్మన్న రోజున ఇద్దరం రైలెక్కి పట్నం వెళ్ళాం. నాకు పట్టు పరికిణీ కట్టారు. రేడియో స్టేషన్లో పాడే గది చూసి తాతయ్య మొహం మారిపోయింది. గోడలనిండా గోనెగుడ్డ కొట్టారు. మాట అంటే మాట అక్కడే పడిపోతోంది, తిరిగి రావడం లేదు. మధ్యలో మైకు, ఎదురుగా అద్దం, అద్దానికి అవతల చెవులకి ఏదో తగిలించుకున్న కుర్ర ఆఫీసరు. అతను మంచివాడే. ఇవతలికి వచ్చి, పాపని బయట కూర్చోబెడదాం తాతగారూ అన్నాడు.

"పిల్ల లేకపోతే నేను పాడను" అన్నాడు తాతయ్య.

"ఇది ఆ కాలం గొట్టం కాదండీ."

"గొట్టం కాకపోతే ఎంత గట్టిగానైనా పాడొచ్చా?"

"అమ్మో, వద్దండి. గట్టిగా వచ్చేచోట మీరే కాస్త వెనక్కి జరగండి."

"జరుగుతాను బాబూ. జరిపేది ఈ పిల్లే."

అతను నవ్వి అద్దం అవతలికి వెళ్ళాడు. తాతయ్య పద్యం ఎత్తుకున్నాడు. సగం దాకా నా చెయ్యి తప్పలేదు. అద్దం అవతల అతను తల ఊపుతున్నాడు. నాకు గర్వం వచ్చింది. అప్పుడు అటువైపు ఇంకో ఇద్దరు వచ్చారు. నన్ను చూశారు. ఒకడు రెండోవాడి నడుం పట్టుకుని వెనక్కీ ముందుకీ ఊపుతూ నన్ను వెక్కిరించాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. అద్దం వల్ల నవ్వు వినపడలేదు, నోళ్ళు మాత్రం తెరుచుకున్నాయి.

నా చెయ్యి దానంతటదే కిందికి జారింది. సరిగ్గా అప్పుడే తాతయ్య రాగం ఎత్తాడు. వెనక చెయ్యి లేకపోయేసరికి ఆయన వీపు ఒక్క క్షణం తడుముకుంది. అది నేను చూశాను. చూసి కూడా చెయ్యి పెట్టలేదు, సిగ్గేసింది. ఆయన వెనక్కి రావలసింది పోయి ముందుకి వాలిపోయాడు. అద్దం అవతల అతను చెవులకి పెట్టుకున్నవి లాగేసి, తలుపు తోసుకుని ఇవతలికి వచ్చి, చాలండి, చాలు, అన్నాడు.

తాతయ్య ఆగిపోయాడు. తరవాత మైకు దగ్గరికి జరిగి, మామూలు గొంతుతో తన పేరూ ఊరి పేరూ చెప్పాడు. పాతకాలంలో ప్లేటు చివర పాడినవాళ్ళు అలా చెప్పుకోవడం మామూలు. ప్లేట్లు అచ్చుపోసేది ఎక్కడో పరాయి దేశంలో కాబట్టి, ఏ పాట ఎవరిదో వాళ్ళకి తెలియాలని. అయితే ఆయన అక్కడితో ఆపలేదు. నా నెత్తి మీద చెయ్యి వేసి, వెనక పట్టుకున్నది నా మనవరాలు, అని నా పేరు కూడా చెప్పాడు.

మిషను ఆపేశానండీ, అన్నాడు అతను.

తెలుసు బాబూ, అన్నాడు తాతయ్య.

తిరుగు రైలుకి చాలా టైముంది. ప్లాట్‌ఫారం మీద బెంచీ ఖాళీగా ఉన్నా తాతయ్య కూర్చోలేదు. ఆ చివరికీ ఈ చివరికీ నడుస్తుంటే నేను పరిగెత్తుకుంటూ వెంటపడ్డాను. ఇక ఆపుకోలేక, నేను వదిలేశాను తాతయ్యా, అన్నాను. చెంప పగులుతుందనుకున్నాను. ఆయన తెలుసన్నాడు. ఇంకో విడత నడిచి వచ్చాక చెప్పడం మొదలుపెట్టాడు.

మద్రాసులో ఆ నాలుగేళ్ళూ ఆయన నడుం పట్టుకున్నది ఒక్కడే. సన్నటి వేళ్ళు, తాంబూలం వాసన, మాట్లాడేవాడు కాదట. ఈయన ఊపిరి ఎక్కడ తీస్తాడో ఈయనకంటే ముందు ఆ మనిషి వేళ్ళకి తెలిసేదట. పాట అవగానే తాతయ్య గొట్టంలోకి తన పేరు చెప్పుకునేవాడు, ఆ మనిషి వెనక నుంచి వెనకకే వెళ్ళిపోయేవాడు. బొంబాయిలో కొత్త కంపెనీవాళ్ళు ముందే అడిగారట, మద్రాసులో మిమ్మల్ని పట్టుకున్నవాడెవరు, పేరు చెప్పండి, తంతి కొట్టి పిలిపిస్తాం అని. తాతయ్య దగ్గర చెప్పడానికి పేరు లేదు. వాళ్ళు ఇంకొకణ్ణి పెట్టారు. వాడికి తాతయ్య గొంతంటే భయం, వేళకి లాగేవాడు కాదట. పెట్టిన మైనం పెట్టినట్టే చీరుకుపోయింది. మూడోరోజుకి ఇంక చాలని బండి ఎక్కించారు.

"నాలుగేళ్ళు నా పేరు నేను చెప్పుకున్నాను. ఆయన పేరేమిటని ఒక్కసారి అడగలేదు అమ్మడూ" అన్నాడు. "ఇవాళ నీ చెయ్యి తీస్తే నాకు తెలిసింది. ఆయన చెయ్యి ఉన్నన్నాళ్ళూ ఆ చెయ్యి ఉందనే తెలియలేదు."

అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

నెలకి జవాబు వచ్చింది. ప్రస్తుతానికి అవకాశం లేదని. మా నాన్న చదివి వినిపించాడు. తాతయ్య ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, వెళ్ళిపోతున్న పోస్టుమన్‌ని వెనక్కి పిలిచి, నీ పేరేమిటయ్యా అని అడిగాడు. ఆ మనిషి బిత్తరపోయాడు. పన్నెండేళ్ళుగా ఉత్తరాలు తెస్తున్నానండీ, ఇవాళ నామీద రిపోర్టేమన్నా రాస్తారా ఏంటండీ, అన్నాడు. ఆ ఏడాదే తాతయ్య ఒక్కడూ మద్రాసు వెళ్ళాడు. ఒకప్పుడు ప్లేట్లు పాడిన మేడలో ఇప్పుడు ఉల్లిపాయల గోదాం ఉందట. అడిగిన ప్రతివాడూ భుజాలు ఎగరేశాడట. నాలుగు రోజులకి తిరిగి వచ్చాడు. పేరు దొరకలేదు. పోయేదాకా ఆయన అరుగు మీద నిలకడగా కూర్చోవడం నేను చూడలేదు.

నాకు అబ్బింది ఆ పేర్లడిగే అలవాటే. మా ఆయనా నేనూ ఇంగ్లండులో, లండన్ పక్కన వాట్‌ఫర్డ్‌లో మా అమ్మాయి దగ్గరికి వచ్చినప్పుడు నాకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. నేర్చుకున్న మొదటి మాట, వాట్ ఈజ్ యువర్ నేమ్. సర్జరీలో, అంటే ఇక్కడి డాక్టరు దగ్గర, టోకెన్ ఇచ్చే అమ్మాయిని అడిగాను, కౌన్సిల్ చెత్తబండి మీద వచ్చేవాళ్ళని అడిగాను. నా గొంతు మరీ బొంగురు, ముందు ఉలిక్కిపడతారు, తరవాత నవ్వి చెబుతారు. రాసుకోవడం రాదు కాబట్టి అన్నీ మనసులోనే. నువ్వేమన్నా పోలీసువా, ఈ ఎంక్వయిరీలేమిటే, అనేవాడు మా ఆయన. నేను చెబుతున్న ఈ ముక్క రాస్తూ మా అమ్మాయి నవ్వుతోంది.

ఆరేళ్ళ కిందట ఒక మంగళవారం కూరగాయలకని వెంబ్లీ వెళ్ళి బస్సులో తిరిగి వస్తున్నాం. పక్కనే కూర్చున్న మా ఆయన ఉన్నట్టుండి ముందుకి వాలిపోయాడు. వెనక సీటులోంచి నీలం యూనిఫాం వేసుకున్న ఒకావిడ, నర్సు కాబోలు, లేచి, ఆయన వీపు వెనక చెయ్యి పెట్టి తన గుండెకి ఆనించుకుంది. డ్రైవర్ని కేకేసి బస్సు ఆపించింది. అంబులెన్సు వచ్చేదాకా ఆయనతో మెల్లగా ఏదో చెబుతూనే ఉంది. నాకు ఆ మాటలు అర్థం కాలేదు. ఆయనకీ అర్థమై ఉండవు. అయినా ఆయన ఊపిరి ఆ గొంతుకి సర్దుకోవడం నేను చూశాను. అంబులెన్సు తలుపులు వేస్తుంటే ఆవిడ రోడ్డు మీద నిలబడి చెయ్యి ఎత్తింది.

ఆయన ఆ సాయంత్రమే పోయాడు. పెద్దకర్మ అయ్యాక, వంటింట్లో గిన్నె కడుగుతూ ఉండగా తట్టింది నాకు. నేను ఆవిడ పేరు అడగలేదు. చెత్తబండి మనిషి పేరు తెలిసినదాన్ని, ఆవిడ పేరు అడగలేదు.

మా అమ్మాయి బస్సువాళ్ళకి ఫోన్ చేసింది, వాళ్ళకీ తెలియదు. ఆవిడకి నువ్వు గుర్తుకూడా ఉండవమ్మా అంటుంది. ఉండకపోవచ్చు. నాకు ఇంట్లో కాలు నిలవదు. మంగళవారం వచ్చిందంటే పాసు తీసుకుని అదే బస్సు ఎక్కుతాను. నీలం యూనిఫాం వేసుకున్నవాళ్ళు బోలెడుమంది ఎక్కుతారు, డ్యూటీ నుంచి వస్తూనో వెళ్తూనో. ఆవిడ కాదని తెలిసినా పేరు అడుగుతాను. చెప్పి, నా పేరు అడుగుతారు. నేనూ చెబుతాను.

రేపు మంగళవారం. బస్సు పదిన్నరకి.