అన్నీ బతికిన రోజు

యూనివర్సిటీలో మొక్కల జన్యువులు మార్చే విద్య నేర్చుకుంటున్న ఆ అమ్మాయికి తోటివాళ్లు పెట్టిన పేరు మూగనోము. ఆకుముక్కలు పెంచే గాజుపళ్లెం మూత తీసిందంటే పెదవులు బిగించేస్తుంది. నోటి ఆవిరి తగిలితే బూజు పడుతుందని భయం. స్పిరిట్ రుద్ది రుద్ది చేతులు పొరలు లేస్తున్నా పట్టించుకోదు. ఇంట్లో పాలగిన్నె మూత తీసినా మొహం పక్కకి తిప్పుకుంటుంది. "పాలేమన్నా కంపు కొడుతున్నాయా?" అని తల్లి విసుక్కుంటుంది.

కొత్త జన్యువు ఏ ముక్కలకి అంటిందో తేల్చడానికి వాటిని పెంచే జెల్లీలో ఒక మందు కలుపుతారు. అంటినవి చిగురిస్తాయి, తక్కినవి తెల్లబడి చస్తాయి. వందకి ఒకటి రెండు మిగిలితే పండగే. ఆ ఉదయం ఆమె పళ్లేలన్నీ పచ్చగా కళకళలాడుతున్నాయి. "నక్కతోక తొక్కావే! పార్టీ ఎప్పుడు?" అంది స్నేహితురాలు. ఆ ఒక్కసారి నిజంగా మూగనోము పట్టి ఉంటే నాలుగు రోజులు పొగడ్తలైనా దక్కేవి. ఆమె నేరుగా ప్రొఫెసర్ గదికి వెళ్లింది. "సార్, ఒక్కటీ చావలేదు. మందు కలపడం మర్చిపోయాను." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంత ఎదిగాక మందు పెట్టినా వీటిలో మన జన్యువు అంటింది ఏదో ఎలా తెలుస్తుందమ్మా? అన్నీ ఉడకబెట్టి పారెయ్. మళ్లీ మొదలుపెడదాం." నెలల కష్టాన్ని ఆవిరిడబ్బాలో పేర్చి మూత బిగిస్తుండగా తల్లి ఫోన్ చేసింది. "మొక్కలెలా ఉన్నాయే?" "అన్నీ బతికాయమ్మా," అంటూ భోరుమంది.

"బతికితే ఏడుస్తావేంటే, పిచ్చిదానా!"