దొంగ రికార్డింగులో ఆఖరి పాట

కళ్ళజోళ్ళ మాస్టారు దుకాణంలో ఒక మనిషి, సభలో ఇంకో మనిషి. దుకాణంలో ఆయన చూపుకు తిరుగులేదు. ఫ్రేము ముక్కు మీద వెంట్రుకవాసి పక్కకు ఒరిగినా పట్టేసి, చిన్న స్క్రూడ్రైవర్ తీసుకుని సరిచేసే దాకా ఊరుకోడు. సభలో మాత్రం పాట ఎత్తుకోగానే కళ్ళు మూసేస్తాడు. కళ్ళు తెరిచి ఉంటే చెవులు సోమరిపోతులవుతాయని ఆయన సిద్ధాంతం. ముందు వరసలో, చేతులు కట్టుకుని, తల కాస్త వెనక్కి వాల్చి కూర్చున్న ఆయన్ని చూసి జనం "అబ్బ, ఏం వినడమండీ!" అనుకునేవారు. పాటగాళ్ళేమో ఆయన కనుబొమలు కదిలితే హడలిపోయేవారు.

హడలిపోవడానికి కారణం ఉంది. వారపత్రికలో ముప్పై ఏళ్ళుగా ఆయన పాటల సమీక్షలు రాస్తున్నాడు. మొహమాటం అనేది ఆయన ఇంటా వంటా లేదు. ఈ ముప్పై ఏళ్ళలో ఆయన ఎవరి పాట గురించీ 'బాగుంది' అని రాయలేదు. "బాగుంది అనే మాట కొత్త కళ్ళజోడు పెట్టుకుని అద్దంలో చూసుకునేవాళ్ళది. సమీక్షకుడు ఎందుకు బాగుందో చెప్పాలి, లేకపోతే నోరు మూసుకోవాలి" అనేవాడు. నోరు మూసుకున్న సందర్భాలు ఎవరికీ గుర్తులేవు.

ఆయన రాసినవాటిలో అందరికీ నోటికి వచ్చిన సమీక్ష ఒకటుంది. పదకొండేళ్ళ కిందట, పెద్దావిడ ఆఖరి కచేరీ మీద రాసింది. పెద్దావిడంటే పాటలో పెద్దావిడే. ఆవిడ పాట వినని ఇల్లు లేదు. అప్పటికి ఆవిడకు డెబ్బై దాటాయి. ఆ సమీక్ష చివర మాస్టారు ఇలా రాశాడు: 'ఆఖరి పాటలో గొంతు పైకి ఎక్కలేదు. మెట్లు ఎక్కలేనివారు కింది గదిలో ఉండటం మర్యాద.' ఆ తర్వాత ఆవిడ మళ్ళీ సభలో పాడలేదు. జనం మాస్టారి వంక ఒకలా చూశారు. మాస్టారికి లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టే ఉండేది. పైకి మాత్రం "నిజం చెప్పడానికి గుండె కావాలి" అని ఛాతీ ముందుకు పెట్టుకు తిరిగేవాడు.

అలాంటి మనిషికి ఒక శనివారం వారపత్రిక సంపాదకురాలు ఒక పెన్‌డ్రైవ్ పంపి, ఫోన్ చేసింది.

"మాస్టారూ, పెద్దావిడ ఆఖరి కచేరీ రికార్డింగ్ ఒకటి బయటపడింది. ఎవరో సంచిలో దాచి చేసిన దొంగ రికార్డింగ్. ఊరంతా ఒకరి ఫోన్‌లోంచి ఒకరి ఫోన్‌లోకి ఎక్కించుకుంటున్నారు. సభ గురించి అప్పట్లో రాసింది మీరే కదా, దీని గురించి కూడా మీరే రాయాలి. బుధవారానికి కావాలి."

"దొంగ సరుకుకు కూడా సమీక్షా?" అని మాస్టారు కాసేపు బెట్టు చేశాడు. అలా చేస్తూనే కాగితాలు, కలం దగ్గరికి లాక్కున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ముందుగదిలో కూర్చుని రికార్డింగు పెట్టాడు. ఆయన భార్య కిటికీ దగ్గర దిండు గలీబులు ఇస్త్రీ చేస్తోంది. ఆవిడ నలభై ఏళ్ళుగా ప్రతి సభకూ ఆయన పక్కన కూర్చున్న మనిషి. మాట్లాడేది తక్కువ, నవ్వుకునేది ఎక్కువ. అదీ లోలోపల.

మొదటి పాటంతా సంచి గరగరలే. రెండో పాటలో ఎవరో దగ్గారు. మూడో పాటలో కుర్చీ కిర్రుమంది. మాస్టారు ఒక్కటీ వదలకుండా రాసుకుంటూ పోయాడు. పెద్దావిడ గొంతు మాత్రం ఇన్ని చప్పుళ్ళ మధ్య నుంచీ నిటారుగా నిలబడి వస్తోంది. అది కూడా రాసుకున్నాడు, కాస్త అయిష్టంగా.

ఏడో పాటలో కొత్త చప్పుడు మొదలైంది. మొదట వయొలిన్‌లో ఏదో తేడా అనుకున్నాడు. చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. వయొలిన్ కాదు, గురక. అదీ బిడియపడే గురక కాదు. పైకి లాగి, కాసేపు ఆపి, తర్వాత ఈలతో వదిలే గురక. మాస్టారి మొహం ఎర్రబడింది. రికార్డింగు ఆపి, ఒక పేరా బరబరా గీకి, భార్యకు గట్టిగా చదివి వినిపించాడు.

"విను. 'ఈ రికార్డింగులో పెద్దావిడతో పోటీ పడిన కళాకారుడు ఇంకొకడున్నాడు. ఆ మహానుభావుడికి గొంతుంది, దమ్ముంది, సిగ్గు మాత్రం లేదు. సభకు వచ్చి నిద్రపోయేవాడికి చెవులెందుకు? అవి తీసి అవసరమైనవాళ్ళకు ఇచ్చేయడం మేలు.' ఎలా ఉంది?"

ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఆయన వంక చూసింది. పెదవులు బిగించింది. భుజాలు కదులుతున్నాయి.

"చెవులు తియ్యాలంటారా?" అంది.

"తియ్యాల్సిందే."

"సరే, మిగతాది కూడా వినండి. తర్వాత తీద్దాం."

ఆ మాటలో ఏదో తిరకాసు ఉందని మాస్టారికి అప్పుడే తట్టాల్సింది. తట్టలేదు. మళ్ళీ పెట్టాడు. ఏడో పాట అయింది. చప్పట్లు. చప్పట్లలో కూడా గురక ఆగలేదు. అప్పుడు పెద్దావిడ మాట వినిపించింది, నవ్వుతూ.

"ఇంకొక్క పాట ఉంది. గట్టిగా పాడాల్సిన పాటే. కానీ ముందు వరసలో ఒకాయన హాయిగా నిద్రపోతున్నారు. ఇన్నేళ్ళలో జనం చేత చప్పట్లు కొట్టించాను, కళ్ళనీళ్ళు పెట్టించాను. ఇంత నమ్మకంగా నా ముందు ఎవరూ నిద్రపోలేదు. అయ్యో, లేపకమ్మా! ఆకుపచ్చ శాలువా అమ్మా, నిన్నే. ఆయన భుజం వదిలెయ్యి. ఈ పాట కింది శ్రుతిలో, మెల్లగా పాడతాను. మీరంతా కూడా చప్పట్లు మెల్లగానే కొట్టాలి."

హాలంతా గుసగుసగా నవ్వింది. భార్య ఆకుపచ్చ శాలువా తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది. మాస్టారు దానివంక చూశాడు. దాన్ని పదకొండేళ్ళుగా చూస్తూనే ఉన్నాడు.

"అది... నేనా?"

"మరి నేనా? ఆ ఈల చూడండి. నలభై ఏళ్ళ నుంచి వింటున్నాను, నాకు తెలీదా!"

"నేను కళ్ళు మూసుకుని వింటున్నాను కదే!"

"ఆరో పాట దాకా విన్నారు."

"ఇన్నేళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదే నువ్వు!"

"ఆవిడ లేపొద్దన్నారు. నేను తలూపాను. ఇచ్చిన మాట ఇచ్చిందే కదా" అంటూ ఆవిడ ఇంకో గలీబు అందుకుంది. నవ్వు ఆపుకోవడానికి దాన్ని మొహానికి అడ్డం పెట్టుకుంది.

మాస్టారికి మాత్రం నవ్వు రాలేదు. రికార్డింగులో ఆఖరి పాట మొదలైంది. పెద్దావిడ గొంతు కిందికి దిగి, నిద్రపోతున్నవాడికి దుప్పటి కప్పుతున్నంత మెల్లగా పాడుతోంది. వయొలిన్ ఆయన కూడా విల్లును తీగల మీద ఆనీ ఆననట్టు నడుపుతున్నాడు. పైకి వెళ్ళాల్సిన ప్రతిచోటా ఆవిడ కావాలనే ఆగి, పక్క దారిన వంపు తిరిగి, ఇంకా చక్కగా కిందికి వచ్చేస్తోంది. గొంతు ఎక్కలేని మనిషి చేసే పని కాదది. హాలంతా ఊపిరి బిగబట్టి వింటోంది, ఒక్కడు తప్ప. ఆ ఒక్కడూ చివరి రెండు పంక్తులప్పుడు గురక ఆపి, మేలుకుని, పాటంతా విన్నాననుకుని, ఇంటికొచ్చి మెట్ల గురించీ కింది గది గురించీ రాశాడు. మాస్టారు సిగ్గుతో చచ్చిపోయాడు.

మంగళవారం దాకా ఆయనకు తిండి సయించలేదు. ఒకావిడకు చత్వారం అద్దాలు బిగించాల్సిన ఫ్రేములో ఆమె భర్త అద్దాలు బిగించి చీవాట్లు తిన్నాడు. తప్పించుకునే దారి లేకపోలేదు. ఆ గురక ఎవరిదో సంపాదకురాలికి తెలియదు. హాల్లో ఉన్నవాళ్ళు పదకొండేళ్ళుగా నోరు విప్పలేదు, ఇప్పుడు మాత్రం ఎందుకు విప్పుతారు? 'రికార్డింగు నాణ్యత లేదు' అని ఒక్క ముక్క రాసి పడేస్తే సరిపోతుంది. ముప్పై ఏళ్ళ పేరు ముప్పై ఏళ్ళ పేరుగానే ఉంటుంది. ఆ ముక్క రాశాడు కూడా. రాసి, భార్య చేతికి ఇచ్చాడు. ఆవిడ చదివి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేసింది. ఆవిడ ఏదో ఒకటి అని ఉంటే పోట్లాడి నెగ్గుకొచ్చేవాడు. అనకపోయేసరికి ఓడిపోయాడు.

బుధవారం పొద్దున ఆయన పంపిన సమీక్షలో మహానుభావుడి గురించి రాసిన పేరా ఉన్నది ఉన్నట్టే ఉంది. దాని కింద ఇంకో నాలుగు వాక్యాలున్నాయి: 'ఆ మహానుభావుడు నేనే. ఎనిమిదో పాట నేను వినలేదు. వినని పాటకు తీర్పు చెప్పాను. చెవులు ఎవరికి కావాలో చెబితే వచ్చి ఇచ్చేస్తాను.'

పత్రిక వచ్చిన రోజు దుకాణానికి జనం అద్దాల పని లేకపోయినా వచ్చారు. మాస్టారు దుకాణం పెందలాడే మూసి ఇంటికొచ్చేశాడు. పడక కుర్చీలో కూలబడ్డాడో లేదో ఫోన్ మోగింది. భార్య ఎత్తింది. అవతలి గొంతు వినగానే ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. చేయి అడ్డంపెట్టి, "ఆవిడే!" అంది.

మాస్టారు నిద్రపోతున్నానని చెప్పమని సైగ చేసి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"పడుకున్నారండీ" అంది భార్య, గొంతు నిలబెట్టుకుంటూ.

"అలాగా! మరి గురక వినిపించడం లేదేం? ఒక్కసారి ఫోన్ ఆయన దగ్గర పెట్టమ్మా."

ఆవిడ నిజంగానే పెట్టింది. మాస్టారు వేరే గతి లేక ఒక గురక తీశాడు. ఫోన్‌లో పెద్దావిడ పకపకా నవ్వింది.

"ఇది దొంగది. ఈల రాలేదు. అసలుది నాకు తెలుసు. లేవండి మాస్టారూ!"

ఆయన లేచి కూర్చున్నాడు. ఫోన్ అందుకున్నాడు.

"క్షమించండమ్మా. నా రాతల వల్ల మీరు పాడటం మానేశారు."

"మీ రాతల వల్లా?" ఆవిడకు నిజంగా ఆశ్చర్యం వేసింది. "మీ సమీక్ష నేను నిన్నమొన్నటి దాకా చదవనేలేదు. మోకాళ్ళు అరిగిపోయి మానేశాను. ఇప్పుడు ఉంటున్నది కూడా కింది గదిలోనే. ఆ మాట మాత్రం బాగా కుదిరింది."

పదకొండేళ్ళుగా మోస్తున్న పాపమూ, దాని చాటున దాచుకున్న గొప్పా రెండూ ఒక్కసారే దిగిపోయేసరికి మాస్టారికి ఎటు చూడాలో తెలియలేదు.

"మానేయడానికి ఇంకో కారణం కూడా ఉంది," అంది ఆవిడ, ఈసారి నెమ్మదిగా, "ఆ రోజు పాడినంత మంచిగా ఆ పాట మళ్ళీ పాడలేననిపించింది. హాల్లో దాన్ని విననిది మీరొక్కరే. ఎవరి కోసం పాడానో వాళ్ళే వినలేదు. ఇప్పుడు విన్నారు కదా, ఎలా ఉంది?"

మాస్టారు నోరు తెరిచాడు. ముప్పై ఏళ్ళ సమీక్షల్లో రాసిన మాటల్లో ఒక్కటీ దొరకలేదు. భార్య పక్కనే నిలబడి చూస్తోంది.

"బాగుందండీ" అన్నాడు. "చాలా బాగుంది."