బీడు అనే మాట

తిరుమణి దగ్గర మా చేను సోలార్ కంపెనీకి లీజుకు పోయిన తర్వాత తెలుగు పేపర్లన్నీ ఒకే మాట పట్టుకున్నాయి. బీడులో వెలుగులు, బీడుకు మహర్దశ, శతాబ్దాల బీడుకు విముక్తి. రాసినవాళ్ళలో ఒక్కడైనా కారు దిగి ఆ నేల మీద నాలుగడుగులు వేసి ఉండడు.

మాది గొర్రెలు కాచిన ఇల్లు. మాకు బీడంటే పనికిమాలిన నేల కాదు, దున్నకుండా మేతకు వదిలిన నేల. వాన పడితే మా నాన్న మొదట అడిగేది బీడులో పచ్చ తిరిగిందా అనే. ఈ మాటకు ఇంత దుర్గతి ఎవరు పట్టించారో చూద్దామని, పావగడ హైస్కూల్లో పాఠాలు చెప్పుకునే నేను, ఎండాకాలం సెలవుల్లో అనంతపురం పోయి ఒక లైబ్రరీలో పాత పేపర్ల కట్టలు విప్పుకుని కూర్చున్నాను.

బాగా పాత కట్టల్లో బీడు చిన్న ప్రకటనల్లో దొరికింది. ఫలానా ఊరి బీడులో గడ్డి వేలం. బీడులో మేస్తూ తప్పిపోయిన ఎద్దు, కుడి కొమ్ము వంకర. అంటే అప్పట్లో బీడును జనం పోటీపడి పాడుకునేవాళ్ళు. తర్వాతి కట్టల్లో కరువు వార్తలొచ్చాయి, బీడు పక్కన బీటలు చేరాయి. ప్రాస కుదిరినందుకు ఆ విలేకరి ఎంత మురిసిపోయాడో. ఇక అక్కడినుంచి ఒకడి వాక్యాన్ని ఇంకొకడు ఎత్తి రాయడమే.

ఒకచోట ఫొటో కనబడింది. తిరుమణి చేలల్లో విరగకాసిన వేరుశనగ, మధ్యలో ఒక నాయకుడు చెట్టు పీకి చేత్తో పట్టుకుని నవ్వుతున్నాడు. శతాబ్దాల బీడు అని రాసిందీ అదే పేపరు. ఫోన్‌లో తీసుకొచ్చి అమ్మకు చూపించాను.

"ఈయప్ప మన చేన్లోనే నిలబడినాడు పాపా. ఫొటో అయిపోతానే చెట్టు ఆడే పారేసి పోయినాడు. కాయలు నేనే ఏరుకుంటి" అంది.

ఆ పేపరు విలేకరిని బస్టాండు టీ అంగట్లో పట్టుకుని ఫొటో ముందు పెట్టాను. అతను టీ తాగుతూనే చూశాడు.

"నిజమే అక్కా. అయితే ఏమి? బీడని రాస్తేనే చదివేవాళ్ళకు అయ్యో అనిపిస్తాది."

"మా నేలను చూసి అయ్యో అనమని మిమ్మల్ని ఎవరడిగినారప్పా?"

"కోపం చేసుకోవద్దక్కా. మీ మీదే ఒక స్టోరీ రాస్తా."

రాశాడు. నా ఫొటోతో సహా వేశాడు. హెడ్డింగు: 'బీడులో విరిసిన విద్యాకుసుమం'. గడ్డి వేలం లేదు, ఎద్దు లేదు, నాయకుడి ఊసే లేదు. మా అమ్మ గొర్రెలు ఇప్పుడు సోలార్ కంపెనీ కంచె దాటలేక నాగలమడిక ఏటి ఇసకలో మేత వెతుక్కుంటున్నాయని చెప్పాను, అదీ లేదు. కన్నడం తప్ప తెలుగు చదవడం రాని మా హెడ్‌మాస్టరు దాన్ని కత్తిరించి నోటీసు బోర్డుకు అతికించాడు.

సాయంత్రం విలేకరి ఫోన్ చేశాడు.

"ఎట్లొచ్చిందక్కా స్టోరీ?"

"తెలుగు నీకు ఎవరు నేర్పినారప్పా?" అన్నాను.

మెచ్చుకున్నాననుకున్నాడు. తన అయ్యవారి పేరు చెప్పి, ఆయన గొప్పదనం చాలాసేపు వివరించాడు.