పిల్లలకోడి కోసం బిగించిన చక్రం

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, చలికాలం మొదట్లో జరిగింది ఇది. మాచర్లలో కుట్టుమిషన్లు బాగుచేసే షాపు నాది. ఒక ఉదయం విజయపురి సౌత్ నుంచి సాంబశివరావు గారు బస్సు దిగి వచ్చారు. రిటైరైన ఉద్యోగి, నా పాత ఖాతాదారు. దుప్పటిలో చుట్టి తెచ్చిన ఇనుప సామాను బల్ల మీద పెట్టి, "ఇది టెలిస్కోప్ మౌంట్, మస్తానూ" అన్నారు.

మౌంట్ అంటే స్టాండు మీద టెలిస్కోపును మోసే తల. భూమి తిరుగుతుంటుంది కాబట్టి చుక్కలు జరుగుతున్నట్టు కనిపిస్తాయి. వాటి వెంట టెలిస్కోపును నెమ్మదిగా తిప్పడం దీని పని. లోపల ఒక పళ్లచక్రం, దాన్ని తిప్పే మర లాంటి వార్మ్ గేర్, చిన్న మోటారు. ఫొటో తీయాలంటే కెమెరా కొన్ని నిమిషాలు తెరిచి ఉంచాలి. ఆలోపు గేరు వెంట్రుకవాసి తడబడినా చుక్క సాగిపోతుంది. ఆయన ఫోనులో చూపించిన ఫొటోలో చుక్కలు సేమ్యా ముక్కల్లా ఉన్నాయి.

"నా కళ్లు పోతన్నయ్ మస్తానూ. చీకట్లో ఏమీ కనపట్టంలా. పిల్లలకోడి చుక్కల్ని, అదే కృత్తికల్ని, చిన్నప్పుడు మా నాయన చేలో చూపిచ్చాడు. ఫొటో తీసి పెద్దది చేసుకుంటే మసగ్గానన్నా చూస్తా. వచ్చే చలికాలానికి ఈ చూపు కూడా ఉండదన్నాడు డాక్టరు."

చక్రం కదిపి చూశాను. ఆట ఉంది. పంటికీ పంటికీ మధ్య వదులును మేము ఆట అంటాం. "ఇంతేగా సార్! ముప్పై ఏళ్ల చెయ్యి ఇది" అని కోతలు కోసి, ఆట అన్నదే లేకుండా బిగించి పంపాను.

వారానికి ఆయన జామకాయలు పట్టుకుని వచ్చారు. "మా ఆవిడ గురి చూసి పెట్టింది, తీశాం. బాగానే వచ్చినట్టుంది. నువ్వు చూసి చెప్పు, చుక్కలు గుండ్రంగా ఉన్నయ్యా?"

ఫొటో పెద్దది చేశాను. ప్రతి చుక్కకూ తోక. మునుపటి కంటే అధ్వానం. ఆయన ముఖం మాత్రం వెలిగిపోతోంది. ఆ కళ్లకు తేడా తెలియదు. "బ్రహ్మాండం సార్" అంటే అయిపోయేది, నా పరువూ నిలిచేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చిందని ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

"లేదు సార్. చెడగొట్టాను," అన్నాను.

ఆయన ఫోను వెనక్కి తీసుకున్నారు. "ఇంట్లో అందరూ బాగుందన్నారే," అన్నారు. "నువ్వన్నా నిజం చెప్పావు. మళ్లా చూడు."

ఈసారి ఆయన ఎదుటే మరను చేత్తో తిప్పుతూ చక్రాన్ని పూర్తిగా ఒక చుట్టు తీసుకెళ్లాను. ఒకచోట పట్టేసింది. చూపుకు గుండ్రమే గానీ, చక్రం అక్కడ కాస్త ఎత్తు. పోయినసారి నేనేమో వదులుగా ఉన్నచోట చూసి బిగించాను. ఎత్తు దగ్గరికి రాగానే మోటారు ఆగి, తన్నుకుని, దూకింది. పాత గ్రీజు తుడిచి, ఆ పట్టేసే చోట కూడా సాఫీగా తిరిగేదాకా సడలించాను. మిగతా చోట్ల కొంచెం ఆట మిగిలింది.

"మళ్లా వదులేగా?" అన్నారాయన.

"ఉండనీయండి సార్. టెలిస్కోపు ఎక్కించాక తూర్పు పక్క కొద్దిగా బరువు ఎక్కువ ఉండేట్టు పెట్టండి. పళ్లు ఎప్పుడూ ఒక పక్కకే ఆనుకుంటయ్. ఆట ఉన్నా ఊగదు."

"తూకం సమానంగా ఉండాలని పుస్తకంలో ఉందే!"

"అది రాసినోళ్ల చక్రం చానా గుండ్రంగా ఉండుంటది."

నాలుగు రోజులకు మళ్లీ వచ్చారు. ఏమీ అడగకుండా ఫోను నా చేతికిచ్చి పక్కన నిలబడ్డారు. పెద్దది చేసి మూల మూలా వెతికాను. ప్రతి చుక్కా ఆవగింజలా ఉంది.

"గుండ్రమే సార్."

"ఒట్టు?"

"ఒట్టు."

"ఎన్ని పిల్లలున్నయ్?"

వేలు పెట్టి లెక్కపెట్టాను. ముప్పై దాటాక లెక్క తప్పింది. "మా నాయన ఆరే చూపిచ్చాడయ్యా," అంటూ ఆయన ఫోను తీసుకుని ముఖానికి దగ్గరగా పెట్టుకున్నారు. చాలాసేపు అలాగే ఉండిపోయారు.

ఆ తర్వాత మిషన్ బాగుచేసి ఇచ్చేటప్పుడు "బాగుందా?" అని ఎదుటివాళ్లను అడగడం మానేశాను. వాళ్లకు తెలియకపోవచ్చు. నాకు తెలుసు.