ఎనిమిదో సంతకం

మా చర్చి బురుజులో ఎనిమిది గంటలున్నాయి, మోగించేవాళ్లం ఎనిమిదిమందిమి. మ్యూరియెల్ ఏనాడూ ఆ మెట్లెక్కలేదు. అయినా మా అరచేతులకు మొదట తగిలేది ఆమె పనే. తాడు మీద పట్టు కోసం ఎరుపూ తెలుపూ ఉన్ని కుచ్చు ఉంటుంది. అది అరిగినప్పుడల్లా తాడును వంటింటి బల్ల మీద పాములా పరుచుకుని ఆమె కొత్తగా కుట్టేది. బుధవారం సాధన అయ్యాక సోంపు కేకు కోస్తూ, "మూడోదమ్మా, ఇవాళ నువ్వు రెండుసార్లు నిద్రపోయావు" అనేది నాతో. మూడో గంట నాది. గోడలకు అవతల ఉండి ఆమె అన్నీ వినేది.

మాకు గంటలు నేర్పి, వయసు మీదపడ్డాక తాడు వదిలేసిన మా బృందం పెద్ద మ్యూరియెల్ అక్క డోర్కస్. ఇద్దరికీ పెళ్లిళ్లు కాలేదు. డెబ్బై ఏళ్లు ఒకే కప్పు కింద ఉన్నారు, ఇల్లు మాత్రం అక్క పేరున ఉండేది. గంటల కోసం పోగుచేసిన డబ్బుతో పాస్టరు చర్చిలో తివాచీ పరిపించిన ఏడాది నుంచి డోర్కస్ ఆయనతో మాట్లాడలేదు.

"చచ్చినా ఆయన చేతికి చిల్లిగవ్వ ఇవ్వను," అనేది. "మళ్లీ తివాచీ కొంటాడు."

అన్నంత పనీ చేసింది. వీలునామాలో ఇల్లు చెల్లెలికి రాసి, ముప్పై వేల పౌండ్లు మాకు రాసింది. చర్చి పేరు ఎక్కడా రానివ్వలేదు. "గంటలు మోగించేవాళ్లకు, వాళ్ల ఇష్టం వచ్చినట్టు వాడుకోవడానికి" అని రాయించింది. ఆమె పోయాక ఆ డబ్బుతో పగిలిన అయిదో గంటను కరిగించి మళ్లీ పోత పోయించాం.

పోయినవాళ్ల ఆస్తి మీద వారసులు సర్కారుకు పన్ను కట్టాలి. పన్ను పడే ఆస్తిలో పదో వంతు ధర్మానికి ఇస్తే ఆ పదో వంతుకు పన్ను ఉండదు. మిగతాదానికి కూడా నూటికి నలభై బదులు ముప్పై ఆరే కడతారు. లాయరు ఆన్‌స్టీ గారు మా ముప్పై వేలను ధర్మం కింద చూపి ఆ లెక్కే వేశారు. మ్యూరియెల్ దాచుకున్నదంతా ఊడ్చి తొంభై ఏడు వేలు కట్టేసింది. డోర్కస్ పోయి ఇరవై మూడు నెలలు నిండబోతుండగా పన్ను ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఇష్టం వచ్చినట్టు వాడుకోమన్నది ధర్మం కాదట. ఇంకో ఇరవై మూడు వేలు కట్టాలట. ఆ వయసులో ఆమెకు ఏ బ్యాంకూ అప్పివ్వలేదు. ఇక మిగిలింది ఇల్లే.

"ఒక దారుంది," అన్నారు ఆన్‌స్టీ గారు. "చర్చికిస్తే ధర్మమే. ఆ డబ్బు మొదటినుంచీ చర్చిదేనని ఎనిమిదిమందీ రాసివ్వాలి. ఆవిడ చనిపోయిన రెండేళ్లలోపు. అంటే ఇంకా అయిదు వారాలే."

"అక్క వింటే సమాధిలోంచి లేచొస్తుంది," అంది మ్యూరియెల్. మళ్లీ తనే, "రానీలే. ఇల్లు తనదేగా," అంది.

ఒక్క మధ్యాహ్నంలో ఏడుగురం సంతకాలు పెట్టాం. ఎనిమిదో గంట విల్ఫ్‌ది. చలికాలంలో పక్షవాతం వచ్చి అతను వృద్ధాశ్రమంలో ఉన్నాడు. మ్యూరియెల్, నేను, ఆన్‌స్టీ గారు వెళ్లాం. కిటికీలోంచి లేత ఎండ అతని దుప్పటి మీద పడుతోంది.

"విల్ఫ్, ఈ కాగితం ఏమిటో తెలుసా?" అని అడిగారు ఆన్‌స్టీ గారు.

"డోర్కస్ రాలేదేం?" అన్నాడు విల్ఫ్ మ్యూరియెల్‌ను చూసి.

కలం చేతిలో పెట్టాం. గంట తాడులా రెండు చేతులతో పట్టుకుని, తల పైదాకా ఎత్తి, మెల్లగా కిందికి లాగాడు. మళ్లీ ఎత్తాడు. లయ ఒక్క వెంట్రుకవాసి కూడా తప్పలేదు.

ఆన్‌స్టీ గారు కాగితం మడిచేశారు. అర్థం కానివాడి సంతకం చెల్లదు. అతని బదులు కూతురు పెడదామన్నా కోర్టు ఒప్పుకోవాలి, దానికి నెలలు పడతాయి. మ్యూరియెల్ మాత్రం విల్ఫ్ చేతులు ఆగేదాకా పక్కనే కూర్చుని లెక్కపెట్టింది.

గడువు దాటిపోయింది. వాకిట్లో అమ్మకం బోర్డు పాతారు. ఆమెకు దొరికిన గది పక్క పట్నంలో, పెద్ద రోడ్డు మీద. అక్కడికి మా గంటలు వినిపించవు.

చివరి బుధవారం సాధన ముగించి వెళ్లేసరికి ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. బల్ల మీద విల్ఫ్ తాడు, సగం కుట్టిన కుచ్చు. ఇల్లంతా పెట్టెల్లోకి వెళ్లిపోయింది, ఆ బల్ల తప్ప.

"కొత్త అయిదోది ఆలస్యంగా పడుతోంది," అంది. "అక్క గంట. తొందరపెట్టకండి, మెల్లగా అలవాటు చేసుకోండి."

"సరే," అన్నాను.

"సరేనంటావు. పడుతోందో లేదో రేపటినుంచి ఎవరు చెబుతారు నీకు?"

నేను తాడు చివర పట్టుకున్నాను, ఆమె కుట్టడానికి వీలుగా.